నాలుగుకి మూడు, పదహారుకి తొమ్మిది

న్యూజెర్సీలో మనవాళ్ళు ఉండే ఊళ్ళ పేర్లు చెప్పమంటే ఎవరైనా ముందు ఎడిసన్ అంటారు. ఆ తరవాత ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్, ప్రిన్స్‌టన్ చుట్టుపక్కలు. ఇడ్లీ పిండి దగ్గర్నుంచి ఇన్‌కమ్‌టాక్స్ వేసిపెట్టేవాళ్ళ దాకా అందరూ రూట్ 1 మీదో, రూట్ 27 మీదో దొరుకుతారు. ఈ ఊళ్ళలో ఉండే మనలో సగం మందిమి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏదో ఒక తెరకేసి చూస్తూ పొట్టపోసుకునేవాళ్ళమే. ఆ తెర ఆకారం, అంటే ఎంత వెడల్పుకి ఎంత ఎత్తు అన్న లెక్క, చరిత్రలో రెండుసార్లు ఈ రాష్ట్రంలోనే పుట్టిందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. మొదటిసారి ఎడిసన్ మహాశయుడి వెస్ట్ ఆరెంజ్ ప్రయోగశాలలో. రెండోసారి ప్రిన్స్‌టన్ దగ్గర, రూట్ 1 పక్కనే ఉన్న ఆర్‌సీఏ వారి డేవిడ్ సార్నాఫ్ పరిశోధనాకేంద్రంలో.

నేను ఇరవయ్యేళ్ళ పైచిలుకుగా ఈ దేశంలో కంప్యూటర్ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. బ్యాంకులకీ, ఇన్సూరెన్సు కంపెనీలకీ, ఆస్పత్రులకీ వాళ్ళ ఉద్యోగులు వాడుకునే తెరలు తయారుచెయ్యడం నా పని. ఏ గడి ఎక్కడుండాలి, ఏ బటన్ ఎంతుండాలి అన్న వాదనలతోనే సగం జీవితం గడిచింది. ఇలాంటి మీటింగుల్లో ఎవరో ఒకరు లేచి "స్వర్ణ నిష్పత్తి ప్రకారం చేద్దాం" అనడం, మిగతావాళ్ళు శ్లోకం విన్నట్టు తలలూపడం మామూలే. ఆ మాట ఎక్కడిదో, దాని వెనక నిజమెంతో తెలుసుకోవాలని పుస్తకాలు తిరగేస్తే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టయింది. ఆ డొంకలో కొంత మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందు ఆ స్వర్ణ నిష్పత్తి సంగతి చూద్దాం. ఒక కర్రని రెండు ముక్కలు చెయ్యాలి. చిన్న ముక్కకీ పెద్ద ముక్కకీ ఉన్న సంబంధమే, పెద్ద ముక్కకీ మొత్తం కర్రకీ ఉండాలి. అలా ఒక్కచోటే కొయ్యగలం. అప్పుడు పెద్దది చిన్నదానికి సుమారు 1.618 రెట్లు ఉంటుంది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన గ్రంథంలో ఈ విభజన గురించి రాశాడు. ఆయన దాన్ని అందమైనదనలేదు, బంగారమనలేదు. పంచభుజి గియ్యడానికి పనికొచ్చే సాధనంగా చూశాడు, అంతే. 1509లో లూకా పచోలి అనే ఇటలీ సన్యాసి దీనికి "దైవ నిష్పత్తి" అని పేరుపెట్టి వెనిస్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. బొమ్మలు గీసిపెట్టింది సాక్షాత్తూ లియొనార్డో డావిన్చీ. అయితే అదే పుస్తకంలో కట్టడాల గురించి రాసేచోట పచోలి పాత రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ బాటలో మామూలు నిష్పత్తులే చెప్పాడు. బంగారం అన్న విశేషణం ఇంకా తరవాతది. 1835లో జర్మన్ గణితజ్ఞుడు మార్టిన్ ఓమ్ పుస్తకంలో ఆ పేరు అచ్చయింది. 1854లో ట్సైజింగ్ అనే మరో జర్మన్ పండితుడు మనిషి శరీరంలోనూ, ప్రకృతిలోనూ, కళల్లోనూ అంతటా ఇదే ఉందని తేల్చేశాడు. మనం ఇవాళ వినే కథల్లో చాలావాటికి ఆయనే మూలపురుషుడు.

నిజంగా మనిషి కంటికి ఇది నచ్చుతుందా అని పరీక్షించి చూసినవాడు గుస్తావ్ ఫెక్నర్. 1876లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఆ ప్రయోగం వివరించాడు. చతురస్రం దగ్గర్నుంచి బాగా సాగదీసిన ఆకారం దాకా పది దీర్ఘచతురస్రాలు ముందుపెట్టి, ఏది నచ్చిందో చెప్పమన్నాడు. మూడోవంతుకి కాస్త ఎక్కువమంది స్వర్ణ దీర్ఘచతురస్రాన్నే ఎంచుకున్నారు. ఆ తరవాత వందేళ్ళకి పైగా ఎంతోమంది ఇదే ప్రయోగం రకరకాలుగా చేశారు. కొందరికి అదే జవాబొచ్చింది, కొందరికి రాలేదు. జనం ఇష్టాలు ఒక్క అంకె చుట్టూ కాక ఒక పెద్ద జాగాలో పరుచుకుని ఉంటాయని తేలింది. 1992లో జార్జ్ మార్కోవ్‌స్కీ అనే గణితాచార్యుడు, పార్థెనాన్ మొదలుకుని పిరమిడ్ల దాకా ఈ నిష్పత్తి చుట్టూ అల్లిన కథల్ని ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు. టేపు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో మనిష్టమైతే ఏ గుడిలోనైనా ఏ అంకైనా దొరుకుతుందన్నది ఆయన వాదన సారాంశం.

మన తరఫున కూడా ఒక మాట చెప్పుకోవాలి. స్వర్ణ నిష్పత్తికి చుట్టమైన సంఖ్యల వరస, అంటే 1, 2, 3, 5, 8, 13 అని సాగేది, ఇటలీ ఫిబొనాచ్చి 1202లో రాయకముందే మన ఛందశ్శాస్త్రంలో ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు వేసి, ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా కూర్చవచ్చో లెక్కపెడితే వచ్చే అంకెలే ఇవి. విరహాంకుడూ, 12వ శతాబ్దపు హేమచంద్రుడూ ఆ లెక్క చెప్పారు. అది మనం గర్వించదగ్గదే. అంతమాత్రాన గోపురాల కొలతలకీ, స్మార్ట్‌ఫోన్లకీ దాన్ని ముడిపెడుతూ వచ్చే వాట్సప్ సందేశాలన్నీ నిజమైపోవు. ఛందస్సు లెక్క ఛందస్సుదే.

ఇక తెర దగ్గరికి వద్దాం. 1890ల మొదట్లో ఎడిసన్ దగ్గర డబ్ల్యూ.కె.ఎల్. డిక్సన్ అనే సహాయకుడు కదిలే బొమ్మల యంత్రం తయారుచేస్తున్నాడు. ఈస్ట్‌మన్ కంపెనీ ఫిల్మును నిలువునా సగానికి చీలిస్తే 35 మిల్లీమీటర్ల పట్టీ వచ్చింది. దాన్ని పళ్ళ చక్రంతో లాగడానికి రెండు అంచులా చిల్లులు కొట్టారు. ఆ చిల్లుల మధ్య మిగిలిన చోటు సుమారు ఒక అంగుళం. ఒక్కో బొమ్మకి నాలుగు చిల్లులు కేటాయిస్తే ఎత్తు ముప్పావు అంగుళం వచ్చింది. ఒకటికి ముప్పావు అంటే నాలుగుకి మూడు. తెర ఆకారం అలా నిర్ణయమైంది. అక్కడ యూక్లిడ్ లేడు, దైవ నిష్పత్తీ లేదు. ఉన్నవి ఫిల్ము పట్టీ, చిల్లులు, పళ్ళ చక్రం.

ఆ ఆకారం 1909 నాటికి సినిమా వ్యాపారమంతటికీ ప్రమాణమైపోయింది. సినిమాకి మాటలొచ్చాక ధ్వనికి పట్టీ పక్కన చోటు కావలసివచ్చి బొమ్మ ఇరుకైంది. 1932లో హాలీవుడ్ అకాడమీ దాన్ని సర్ది 1.37 దగ్గర నిలబెట్టింది. 1941లో అమెరికా టెలివిజన్ ప్రమాణాలు రాసుకున్నప్పుడు సినిమా ఆకారం చేతికందేలా ఉంది కనక నాలుగుకి మూడే తీసుకున్నారు. తీరా టీవీ ఇంటింటికీ వచ్చి సినిమా హాళ్ళు ఖాళీ అవుతుంటే, టీవీలో దొరకనిది చూపించాలని సినిమావాళ్ళు తెరని పక్కలకి లాగారు. 1952లో సినెరమా, 1953లో సినిమాస్కోప్ వచ్చాయి. తెర వెడల్పు ఎత్తుకి రెండున్నర రెట్ల దాకా పోయింది. మన తెలుగులో ఆ సంబరం 1974లో "అల్లూరి సీతారామరాజు"తో మొదలైంది. ఆ సినిమానే తరవాత టీవీలో చూసిన మా తరంవాళ్ళకి దాని ఇంకో ముఖం కూడా తెలుసు. స్కోప్ సినిమాని నాలుగుకి మూడు పెట్టెలో నింపాలంటే అటో ఇటో కోసెయ్యాలి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు, ఇంకొకరి భుజం మాత్రమే కనిపించేవి. కొయ్యకుండా చూపిస్తే పైనా కిందా నల్లపట్టీలు. "టీవీ పాడైందా" అని పెద్దవాళ్ళు లేచి మీటలు తిప్పేవారు.

1980లలో హై డెఫినిషన్ టీవీ వస్తోందని తెలిసినప్పుడు, దానికి ఏ ఆకారం ఉండాలన్న ప్రశ్న వచ్చింది. అప్పటికి చెలామణిలో ఉన్నవి 1.33 దగ్గర్నుంచి 2.35 దాకా ఎన్నో. ఆర్‌సీఏ సార్నాఫ్ కేంద్రంలో పనిచేసే కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు దీనికొక చక్కని ఉపాయం ఆలోచించాడు. ఒక్కొక్క ఆకారానికీ ఒక దీర్ఘచతురస్రం తీసుకున్నాడు. అన్నిటికీ వైశాల్యం ఒకటే. వాటిని మధ్యబిందువులు కలిసేట్టు ఒకదానిమీద ఒకటి పేర్చాడు. వాటన్నిటినీ కలిపి చుట్టుకునే బయటి చట్రం ఒకటి వచ్చింది. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి చట్రం ఇంకొకటి వచ్చింది. చిత్రమేమిటంటే ఆ రెండు చట్రాల నిష్పత్తీ ఒకటే, 1.77. కావాలంటే మీరూ కాగితం మీద వేసి చూడవచ్చు. 1.33ని 2.35తో గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది అదే. గణితంలో గుణమధ్యమం అంటారు. దానికి దగ్గర్లో ఉన్న చిన్న పూర్ణాంకాల భిన్నం పదహారుకి తొమ్మిది. పైగా అది నాలుగుకి మూడు యొక్క వర్గం కూడా.

ఈ లెక్కలో నాకు నచ్చినది దాని న్యాయం. పాత టీవీ బొమ్మని పదహారుకి తొమ్మిది తెర మీద పెడితే పక్కల నల్లగా మిగిలేది పావు వంతు. 2.35 సినిమాని పెడితే పైనా కిందా మిగిలేది కూడా ఇంచుమించు పావు వంతే. ఎవరికీ మొత్తం దక్కలేదు, ఎవరికీ ఎక్కువ అన్యాయం జరగలేదు. ఊళ్ళో పెద్దమనిషి అన్నదమ్ముల పంపకం చేసినట్టుంది. అందం గురించి వాదన పెట్టుకుని ఉంటే ఎవరి కళ్ళు వాళ్ళవి కనక ఏళ్ళు పట్టేది. నష్టం ఎలా పంచుకోవాలి అన్న ప్రశ్న వేశారు కనక జవాబు దొరికింది. ఇవాళ మన గోడ మీది టీవీ ఆకారం అదే.

కంప్యూటర్ తెర కథ దీనికి పక్కదారి. ఐబీఎం వారి పంచ్ కార్డుకి 1928 నుంచి 80 నిలువు గళ్ళు. ఆ అలవాటు టెర్మినళ్ళకి వచ్చి వరసకి 80 అక్షరాలు అయింది. 1978 నాటి డెక్ వీటీ100లో 80కి 24, ఐబీఎం పీసీలో 80కి 25. ఇప్పటికీ ప్రోగ్రాము వరస 80 అక్షరాలు దాటకూడదని పట్టుబట్టే సీనియర్లున్నారు. వాళ్ళు పాటిస్తున్నది అట్టముక్క కొలత. 1973లో జిరాక్స్ వారి ఆల్టో మాత్రం తెరని నిలువుగా పెట్టింది. 606 చుక్కల వెడల్పు, 808 చుక్కల ఎత్తు. కాగితం పేజీ ఎలా ఉంటుందో తెర అలా ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. కానీ టీవీల కోసం లక్షల్లో తయారయ్యే గాజు గొట్టాలు చవక. కనక ఆఫీసుల్లోనూ ఇళ్ళలోనూ నాలుగుకి మూడే గెలిచింది.

మనలో టర్బో సీ మీద గ్రాఫిక్స్ నేర్చుకున్నవాళ్ళకి ఒక ఫంక్షన్ గుర్తుండే ఉంటుంది, గెట్ యాస్పెక్ట్ రేషియో. దాని అవసరం ఏమిటో మాకు ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ చెప్పలేదు. 1981 నాటి పీసీలో రంగుల తెర 320కి 200 చుక్కలు. ఆ అంకెల నిష్పత్తి 1.6. తెరేమో 1.33. అంటే ఒక్కో చుక్క వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువ. అంకెల ప్రకారం వృత్తం గీస్తే కోడిగుడ్డు వచ్చేది. దాన్ని సరిచెయ్యడానికే ఆ ఫంక్షన్. 1984లో వచ్చిన ఆపిల్ మెకింటాష్ 512కి 342 చుక్కల తెరతో, చుక్కలన్నీ చతురస్రంగా ఉండేట్టు చేసింది. తెర మీద చతురస్రం గీస్తే కాగితం మీదా చతురస్రమే అచ్చయ్యేది. 1987లో ఐబీఎం వీజీఏ 640కి 480 కూడా అదే బాటలోకి వచ్చింది. కొలతల గురించి మాట్లాడుకోవాలంటే ముందు కొలబద్ద రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా!

2003 ప్రాంతం నుంచి ల్యాప్‌టాప్‌లు పదహారుకి పది అయ్యాయి. అంటే 1.6. స్వర్ణ నిష్పత్తికి అంత దగ్గరగా వచ్చిన తెర ఇంకోటి లేదు. అయిదారేళ్ళు ముద్దుగా వాడుకున్నాం. 2008 నుంచి ఫలకాలు చేసే ఫ్యాక్టరీలు టీవీలకీ కంప్యూటర్లకీ ఒకే ఆకారం ఉంటే పెద్ద గాజుపలకలోంచి వృథా తక్కువగా కొయ్యవచ్చని లెక్కవేసి పదహారుకి తొమ్మిదికి మారిపోయాయి. అందమంటూ ఒక్కరూ దానికోసం నిలబడలేదు. 2020 తరవాత చాలా కంపెనీలు మళ్ళీ పదహారుకి పదికి వచ్చాయి. అదీ బంగారం మీద మమకారంతో కాదు. రాతపని చేసేవాళ్ళకీ, ప్రోగ్రాములు రాసేవాళ్ళకీ ఇంకో నాలుగు వరసలు కనిపిస్తాయని.

నిజానికి మన రోజువారీ జీవితంలో సిసలైన జ్యామితి ఉన్న దీర్ఘచతురస్రం ఒకటుంది. ఇండియాలో మనం వాడిన ఏ4 కాగితం. 210కి 297 మిల్లీమీటర్లు, అంటే 1.414, రెండు వర్గమూలం. దాన్ని మధ్యకి మడిస్తే వచ్చే సగానికీ అదే నిష్పత్తి. ఇంకోసారి మడిచినా అంతే. 1786లో లిఖ్టెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక ఉత్తరంలో ఈ గుణం గురించి రాశాడు. 1922లో జర్మనీ దాన్ని ప్రమాణం చేసింది. అమెరికా మాత్రం ఎనిమిదిన్నరకి పదకొండు అంగుళాలు వదల్లేదు. ఇండియా నుంచి వచ్చిన సర్టిఫికెట్టు ఇక్కడ ప్రింటు తీస్తే అడుగున స్టాంపు, సంతకం తెగిపోయిన అనుభవం వీసా కాగితాలు నింపిన ప్రతివాడికీ ఉండే ఉంటుంది. నిష్పత్తి అంటే చిత్రకళ పాఠం కాదని మనకి మొదట చెప్పింది ప్రింటరే.

సరే, బయటి చట్రం ఎవరో నిర్ణయించారు. దాని లోపల ఏది ఎక్కడ పెట్టాలో అన్నది నా వృత్తి. ఇందులోనూ అందాన్ని కొలవాలని చూసినవాళ్ళున్నారు. 1933లో హార్వర్డ్ గణితాచార్యుడు జార్జ్ బిర్కాఫ్ ఒక సూత్రం చెప్పాడు. అందం అంటే క్రమాన్ని సంక్లిష్టతతో భాగిస్తే వచ్చేది. ఆయన 90 బహుభుజులకి మార్కులు వేస్తే చతురస్రం ఫస్టొచ్చింది. 2003లో మలేషియాలో డేవిడ్ న్గో, ఆయన సహచరులు కంప్యూటర్ తెరలకి ఇలాంటి సూత్రాలే పద్నాలుగు రాశారు. సమతూకం, సౌష్ఠవం, సాంద్రత, లయ, నిష్పత్తి లాంటివి. అందులో నిష్పత్తికి స్వర్ణ దీర్ఘచతురస్రం ఒక్కటే కాదు, అయిదు మంచి ఆకారాలు తీసుకున్నారు. చతురస్రం, 1.414, 1.618, 1.732, రెండు చతురస్రాల జోడీ. బంగారానికి అందులో అయిదోవంతు పీట దక్కింది.

1995లో జపాన్‌లో కురోసు, కషిమురా అనే ఇద్దరు ఏటీఎం తెరకి 26 రకాల అమరికలు చేసి 252 మందికి చూపించారు. ఏది అందంగా ఉంది, ఏది వాడటం తేలిక అని అడిగారు. అందంగా ఉన్నదాన్నే జనం తేలిక అన్నారు. నిజంగా తేలికగా ఉండేలా అమర్చిన వాటితో ఆ అభిప్రాయానికి పెద్ద సంబంధం కనపళ్ళేదు. ఇజ్రాయెల్ పరిశోధకుడు నోమ్ ట్రాక్టిన్‌స్కీ తమ దేశంలో అలా ఉండదనుకుని 1997లో అదే ప్రయోగం చేస్తే, ఆ సంబంధం ఇంకా గట్టిగా కనిపించింది. పెళ్ళిచూపుల్లాంటిదే ఇదీ. చూసిన క్షణంలో నచ్చడం వేరు, కలిసి కాపురం చెయ్యడం వేరు.

కాపురం సంగతి కొలిచినవాడు థామస్ టల్లిస్. 1980ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా టెలిఫోను లైన్ల పరీక్ష ఫలితాలు చూపించే తెర మీద పనిచేశాడు. వాక్యాల్లా రాసిన సమాచారాన్నే గుంపులుగా విడదీసి, నిలువు వరసల్లో సర్ది పెట్టాడు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఉద్యోగులు జవాబు వెతుక్కునే సమయం దాదాపు 40 శాతం తగ్గింది. వేల తెరలు రోజూ చూసే చోట ఆ 40 శాతం అంటే ఎన్ని గంటల కంటి నొప్పి తగ్గినట్టో ఆలోచించండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఇన్సూరెన్సు కంపెనీ, క్లెయిములు చూసే విభాగానికి పాత ఆకుపచ్చ అక్షరాల తెరలు తీసేసి కొత్తవి పెట్టింది. వేరే సంస్థ చేసిచ్చిన డిజైన్ అది. తెరని 62కి 38గా విడదీసి, చిన్న భాగంలో నవ్వుతున్న కుటుంబం బొమ్మ పెట్టారు. ప్రదర్శనలో అందరూ చప్పట్లు కొట్టారు. రోజుకి వంద క్లెయిములు తేల్చాల్సిన ఉద్యోగులకి మాత్రం జబ్బు కోడు ఒకచోట, కట్టాల్సిన డబ్బు రెండు పేజీల కింద. పైకీ కిందకీ దొర్లించుకుంటూ, మధ్యలో మర్చిపోకుండా పసుపు చీటీల మీద రాసుకునేవారు. లెక్క తగ్గిందని పైవాళ్ళు వాళ్ళనే నిలదీశారు. సరిచెయ్యమని మమ్మల్ని పిలిచినప్పుడు ముప్ఫయ్యేళ్ళుగా ఆ పని చేస్తున్న ఒక పెద్దావిడ పక్కన రెండు రోజులు కూర్చున్నాను. "ఈ తెర ఫొటో తీసుకోవడానికి బాగుంటుంది నాయనా" అన్న అర్థం వచ్చేట్టు ఆవిడ నవ్వుతూ అంది. ఆవిడ చూపు ఏ వరసలో తిరుగుతుందో రాసుకుని గళ్ళు ఆ వరసలో పెట్టాం. కుటుంబం బొమ్మకి సెలవిచ్చేశాం. నెల తిరక్కుండా పసుపు చీటీలు మాయమయ్యాయి.

ఇది కంటి నొప్పితో, ఉద్యోగి మాటపడటంతో పోయింది. అన్నిసార్లూ అలా పోదు. 2006 నవంబరులో ఫ్లోరిడా 13వ కాంగ్రెస్ నియోజకవర్గంలో జరిగింది చూడండి. సరసోటా కౌంటీలో వేలితో తాకి ఓటేసే మిషన్లు పెట్టారు. మొదటి తెర మీద సెనేట్ పోటీ. రెండో తెర పైభాగాన కాంగ్రెస్ పోటీ, ఇద్దరే అభ్యర్థులు కనక రెండు వరసల్లో ముగిసింది. దాని కిందే రంగు శీర్షికతో గవర్నర్ పోటీ మొదలై పొడుగ్గా సాగింది. ఒక తెర ఆదా అయింది, చూపుకి తీరుగానే ఉంది. ఓటర్ల కళ్ళు ఆ రంగు శీర్షిక మీదికి దూకాయి. పైనున్న రెండు వరసలూ ఏదో తలకట్టు అనుకున్నారు. ఆ కౌంటీలో సుమారు 18,000 మంది కాంగ్రెస్ పోటీలో ఎవరికీ ఓటు వెయ్యకుండా బయటికొచ్చారు. మిషన్ల మీద ఓటేసినవాళ్ళలో ఇంచుమించు ఏడుగురిలో ఒకరు. అదే కౌంటీలో పోస్టులో కాగితం మీద ఓటేసినవాళ్ళలో అలా వదిలేసింది రెండున్నర శాతమే. గెలిచినవారి మెజారిటీ 369 ఓట్లు.

మిషన్ చెడిపోయిందేమోనని ఫెడరల్ ప్రభుత్వ తనిఖీ సంస్థ పరీక్షలు చేసి, అలాంటి ఆధారం దొరకలేదని 2008లో చెప్పింది. రాజనీతి శాస్త్ర పరిశోధకులు అమరికనే తప్పుపట్టారు. పక్క కౌంటీల్లో అదే రకం మిషన్ల మీద అటార్నీ జనరల్ పోటీ గవర్నర్ పోటీతో ఒకే తెర మీద పడితే, అక్కడ ఖాళీ ఓట్లు ఆ పోటీలో పెరిగాయి. 2007లో ఫ్లోరిడా చట్టం చేసి కాగితం ఓట్లకి తిరిగొచ్చింది. మనలో పౌరసత్వం తీసుకుని మొదటిసారి ఓటేసినవాళ్ళు ఆ రోజుని ఎంత అపురూపంగా చెప్పుకుంటారో నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళు లైన్లో నిలబడి సంపాదించుకున్న హక్కు, ఒక శీర్షిక రంగు వల్ల కంటికి ఆనకుండా పోవచ్చు.

చివరగా మన తెలుగు సంగతి. మన తాతముత్తాతల పేజీ తాటాకు. ఎత్తు రెండంగుళాలు, పొడవు అడుగో అడుగున్నరో. ఆ ఆకారం చెట్టు ఇచ్చింది. చిల్లుల ఫిల్ము పట్టీకీ దానికీ పెద్ద తేడా లేదు. చేతికి దొరికిన వస్తువే నిష్పత్తి నిర్ణయించింది. మరి మన శిల్పులు విగ్రహానికి కొలత పెట్టిన పద్ధతి ఇంకోలా ఉంటుంది. తాళమానం అంటారు. ముఖం పొడవు ఒక తాళం. నవతాళం, దశతాళం అంటూ శరీరాన్ని ఆ ముఖంతోనే కొలుస్తారు. విగ్రహం జానెడున్నా, నిలువెత్తున్నా లెక్క చెడదు. ఈ రోజుల్లో మేం వెబ్ పేజీలకి కొలతలు చుక్కల్లో కాక "ఎం" అనే అక్షర ప్రమాణంలో రాస్తాం. అక్షరం పెరిగితే చుట్టూ ఉన్న చోటూ పెరుగుతుంది. ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టిందని నేననను. రెండూ ఒకే బుద్ధి చూపిస్తాయి: కొలత బయటినుంచి తెచ్చిపెట్టేది కాదు, లోపలున్నదానితోనే కొలవాలి.

ఆ బుద్ధి తెలుగు అక్షరం విషయంలో ఇంకా పూర్తిగా రాలేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి కూడా వచ్చింది. అక్షరాలు కనిపించే సమస్య తీరింది. కూర్చునే చోటు సమస్య మిగిలింది. ఇంగ్లీషు అక్షరానికి పైన ఒక కొమ్ము, కింద ఒక తోక. మనకి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. "రాష్ట్రం" అని రాసి చూడండి. ఇంగ్లీషు వరస ఎత్తుకి గియ్యబడిన బటన్‌లో దాన్ని పెడితే ఒత్తు తెగి కిందపడుతుంది. "సేవ్" అన్న చిన్నమాట ఉన్న చోట "భద్రపరచండి" అని పెడితే చివరి అక్షరాలు మూడు చుక్కలైపోతాయి. అప్పుడు తెలుగు ఇమడదని తీర్పు చెబుతారు. ఇమడనిది భాష కాదు, గడి.

ఇక్కడి మన పిల్లలు తెలుగు చదివేది ఎక్కువగా ఫోనులోనే. అంటే ప్రిన్స్‌టన్‌లో లెక్కవేసిన ఆ ఆకారాన్నే నిలబెట్టి, ఇంకాస్త సాగదీసిన తెర మీద. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు బ్యాంకు పనీ, కరెంటు బిల్లూ, మందుల ఆర్డరూ చేసుకునేదీ దాని మీదే. మా రంగంలో తెలుగువాళ్ళకి కొదవ లేదు. ఈసారి మీటింగులో ఎవరైనా 1.618 అంటే తలూపండి, పరవాలేదు. ఊపాక ఒక్క ప్రశ్న కూడా అడగండి: ఇది చదవబోయేది ఎవరు, వాళ్ళ అక్షరం ఎంత ఎత్తు, వాళ్ళ వేలు ఎంత లావు? ఆ గడిలో "రాష్ట్రం" ఒత్తుతో సహా కనిపిస్తోందో లేదో, ఫోను ఇంటికి పంపించి ఒకసారి చదివించి చూడండి.